దీపం ఏ కదలికను వినాలి?

రిహార్సల్‌లో ఆ అమ్మాయి నుదుటి మీద చెమట తుడుచుకుంది. వేదిక మొత్తం ఎర్రబడింది.

అనంతపురంలో ఒక కాలేజీ పిల్లల నృత్యరూపకానికి నేను లైటింగ్ చేస్తున్న రోజులవి. ఏప్రిల్ నెల. ఫ్యాన్లు తిరుగుతున్నా హాల్లో వేడిగాలే. అమ్మవారు కోపంతో చెయ్యెత్తే ఘట్టం ఒకటుంది. కుడి చెయ్యి భుజం దాటి పైకి వెళ్తే ఎర్ర లైట్లు పెరగాలి, చెయ్యి దిగితే తగ్గాలి అని కంప్యూటర్‌కు చెప్పి పెట్టాం. ఎదురుగా ఒక కెమెరా బిగించాం. ఆ ఘట్టం ఇంకా రాలేదు. అమ్మాయి ఒక పక్కగా నిలబడి తన వంతు కోసం చూస్తోంది. చెయ్యి మాత్రం పైకి లేచింది. కంప్యూటర్ తప్పేమీ చేయలేదు, మేం చెప్పింది చెప్పినట్టు చేసింది.

నటుల కదలికలతో నడిచే లైటింగ్ గురించి నన్ను అడిగేవాళ్ళలో చాలామంది మొదటి ప్రశ్న "ఏ కెమెరా కొనాలి?" అనే. దానికి సమాధానం ఉంది, చెబుతాను కూడా. కానీ ఈ విద్యలో కష్టమంతా కెమెరాలో లేదు. మనిషి ఒంట్లో ప్రతి క్షణం ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది. అందులో దీపం వినాల్సింది ఏది, విననట్టు వదిలేయాల్సింది ఏది? ఇది తేల్చుకోకుండా ఎంత ఖరీదైన సామాను తెచ్చినా చెమట తుడుచుకుంటే ఎర్ర లైటే వస్తుంది.

మామూలు నాటకంలో ఈ పని లైట్ ఆపరేటర్ చేస్తాడు. ఏ డైలాగ్ తర్వాత ఏ లైటు, ఎన్ని సెకన్లలో, అన్నీ కాగితం మీద రాసుకుంటాడు. నటుడి మీద కన్ను, బోర్డు మీద వేలు. నటుడు ఒక రోజు నెమ్మదిగా లేస్తే లైటు కూడా నెమ్మదిగా పెరుగుతుంది, ఎందుకంటే చూసేది మనిషి. కదలికతో నడిచే పద్ధతిలో ఆ కన్ను స్థానంలో సెన్సర్, ఆ వేలి స్థానంలో ప్రోగ్రామ్ వస్తాయి. ఆపరేటర్ తెలివిని మాత్రం ఎవరో ఒకరు ముందే కూర్చుని రాసిపెట్టాలి.

చూసే కన్ను

ఇది నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. 1965లో న్యూయార్క్‌లో నృత్యదర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్, సంగీతకారుడు జాన్ కేజ్ కలిసి చేసిన ప్రదర్శనలో వేదిక మీద యాంటెన్నాలు, కాంతి పడితే పనిచేసే ఫోటోసెల్‌లు పెట్టారు. డ్యాన్సర్ యాంటెన్నా దగ్గరికి వెళ్ళినా, కాంతిపుంజానికి అడ్డం వచ్చినా శబ్దం మారేది. అప్పుడు కదలికను విన్నది శబ్దం. కానీ ఒంటి కదలికను కరెంటు సంకేతంగా మార్చడమనే అసలు పని అప్పటికే జరిగిపోయింది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇది లాబ్‌లు ఉన్నవాళ్ళ విద్యగానే ఉండిపోయింది. 2010 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ వీడియో గేమ్‌ల కోసం కినెక్ట్ అనే పరికరాన్ని అమ్మకానికి పెట్టాక పరిస్థితి మారింది. అది కంటికి కనిపించని పరారుణ కాంతిని చుక్కలుగా గదిలోకి చల్లి, ఆ చుక్కలు ఎక్కడ ఎలా పడ్డాయో చూసి, ఎదురుగా ఉన్న మనిషి ఎంత దూరంలో ఉన్నాడో సెకనుకు 30 సార్లు లెక్కకట్టేది. ఆట బొమ్మగా అమ్మిన వస్తువును ప్రపంచమంతా నాటకాలవాళ్ళు, నృత్యకారులు ఎగబడి కొన్నారు. దానికి నాలుగు మీటర్ల దాకానే స్పష్టంగా కనిపించేది, కాబట్టి మన ఆడిటోరియం వేదిక అంతా దాని చూపులో పట్టదు. పగటి ఎండలో దాని చుక్కలు సూర్యుడి పరారుణంలో కలిసిపోతాయి. 2017లో దాని తయారీ ఆగిపోయింది.

ఇప్పుడు అంత ప్రత్యేకమైన పరికరం కూడా అక్కర్లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే మీడియాపైప్ లాంటి సాఫ్ట్‌వేర్ మామూలు వెబ్‌క్యామ్ దృశ్యంలోంచే మనిషి ఒంటి మీద 33 బిందువులను గుర్తుపడుతుంది. ముక్కు, భుజాలు, మోచేతులు, మణికట్లు, మోకాళ్ళు, మడమలు ఎక్కడున్నాయో క్షణక్షణం చెబుతుంది. ఇంజినీరింగ్ పిల్లలు సాయంత్రానికల్లా నడిపించేస్తారు. అందుకే కెమెరా చిన్న ప్రశ్న అన్నాను.

కెమెరా కాకుండా వేరే దారులూ ఉన్నాయి. ఫోన్‌ను పక్కకు తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా, ఆ పని చేసే చిన్న చిప్‌నే మణికట్టుకు కట్టొచ్చు. అది చీకట్లో కూడా పనిచేస్తుంది, ఎవరు అడ్డం వచ్చినా పట్టించుకోదు. చెయ్యి ఎంత విసురుగా కదిలిందో బాగా చెబుతుంది కానీ మనిషి వేదిక మీద ఎక్కడున్నాడో చెప్పలేదు. పెద్ద సంగీత కచేరీల్లో గాయకుడు ఎటు నడిస్తే అటు స్పాట్‌లైట్ తిరగడం చూస్తుంటాం. అక్కడ వాడేది ఒంటి మీద దాచిన చిన్న రేడియో ట్యాగ్ గానీ, పరారుణ కాంతి వెదజల్లే బిళ్ళ గానీ. అవి స్థానాన్ని చెబుతాయి, చేతుల సంగతి వాటికి పట్టదు.

ఒకటి మాత్రం మన జిల్లాలో పెట్టుకోవద్దని చెబుతాను. మెట్ల దగ్గర మనిషి రాగానే లైటు వెలిగించే చవక సెన్సర్ ఉంటుంది, పిఐఆర్ అంటారు. చుట్టుపక్కల వేడికి, మనిషి ఒంటి వేడికి ఉన్న తేడాను పట్టుకుని అది పనిచేస్తుంది. మే నెలలో ఇక్కడ గాలి వేడి ఒంటి వేడికి దగ్గరగా వచ్చేస్తే ఆ తేడా కరిగిపోతుంది, మనిషి ఎదురుగా నిలబడినా దానికి సరిగ్గా ఆనడు. చలిదేశాల పుస్తకాల్లో ఈ ఇబ్బందిని పెద్దగా రాయరు.

తన వెలుగులో తానే చిక్కుకోవడం

మొదటిసారి చేసేవాళ్ళను అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టే సమస్య ఇది. కెమెరా వేదికను చూస్తోంది. నర్తకి కదిలింది, కాబట్టి లైటు మారింది. లైటు మారగానే కెమెరాకు కనిపించే దృశ్యం మొత్తం మారిపోయింది. ఆ మార్పును కూడా కెమెరా కదలికే అనుకుంటుంది. లైటు మళ్ళీ మారుతుంది. మైకును స్పీకర్ ఎదురుగా పెడితే కీచుమని అరుస్తుందే, అచ్చం అలాగే వెలుగు తన వెలుగునే చూసుకుని వెర్రెత్తుతుంది. పైగా కళాకారిణి నిశ్చలంగా ఉన్నప్పుడు వేదిక చీకటి కావాలని మనం అనుకుంటే, ఆ చీకట్లో కెమెరాకు ఆమె అసలు కనిపించదు. మళ్ళీ కదిలినా తెలియదు.

విరుగుడు ఏమిటంటే, కెమెరా చూసే వెలుగును, ప్రేక్షకులు చూసే వెలుగును విడదీయడం. వేదిక మీద పరారుణ దీపాలు నిలకడగా వెలుగుతూ ఉంటాయి, మన కంటికి కనిపించవు. కెమెరా ముందు మామూలు కాంతిని ఆపేసి పరారుణాన్ని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్ పెడతారు. ఇప్పుడు రంగస్థలం ఎర్రబడినా, నీలమైనా, పూర్తిగా చీకటైనా కెమెరా లోకంలో ఎప్పుడూ ఒకే వెలుతురు. జర్మన్ కళాకారుడు ఫ్రీడర్ వైస్ 2006లో ఆస్ట్రేలియాలోని చంకీ మూవ్ నృత్యబృందంతో చేసిన పని ఈ ఉపాయం మీదే నిలబడింది. నేల మీద కదులుతున్న నర్తకి ఒంటి చుట్టూ వెలుగు గీతలు ఆమె అంచును అంటిపెట్టుకుని సాగేవి. పై నుంచి ప్రొజెక్టర్ వేస్తున్న ఆ గీతలు పరారుణ కెమెరాకు కనిపించేవి కావు.

మన ఊళ్ళ హాళ్ళలో దీనికి ఒక మెలిక ఉంది. చాలాచోట్ల ఇంకా పాత 1000 వాట్ల హాలోజన్ లైట్లే ఉన్నాయి. హాలోజన్ దీపం తాను తినే కరెంటులో ఎక్కువ భాగాన్ని పరారుణంగానే కక్కుతుంది, అందుకే దాని కింద నిలబడితే మాడు మాడిపోతుంది. అలాంటివి నాలుగు వెలిగిస్తే పరారుణ కెమెరాకు కళ్ళు బైర్లు కమ్మినట్టే. మేం ఒక పూటంతా ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాం, తప్పు మాత్రం తలపైన వేలాడుతోంది. ఎల్‌ఈడీ రంగు లైట్లలో పరారుణం దాదాపు ఉండదు. అవి ఉన్న హాల్లోనే ఈ పద్ధతి కుదురుతుంది. వెనక తెర గాలికి ఊగితే దాన్ని కూడా కెమెరా మనిషి కింద లెక్కేస్తుంది. కాబట్టి ఫ్యాన్లు ఎటు తిరుగుతున్నాయో కూడా ముందే చూసుకోవాలి.

ఆలస్యం ఎక్కడ పోగవుతుంది

చెయ్యి లేచినప్పటి నుంచి లైటు మారేదాకా పట్టే సమయం ఒక్కచోట పోదు, గొలుసులో ప్రతి లంకె దగ్గరా కొంత కొంత పోతుంది. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాకు ఒక చిత్రానికి, ఇంకో చిత్రానికి మధ్య 33 మిల్లీసెకన్లు. ఆ చిత్రంలో ఒళ్ళు ఎక్కడుందో కంప్యూటర్ లెక్కకట్టడానికి ఇంకొంత.

అక్కడి నుంచి లైట్లకు కబురు వెళ్ళాలి. ఆ కబురు భాష పేరు డీఎంఎక్స్ 512, అమెరికాలో నాటకరంగ సాంకేతిక నిపుణుల సంస్థ 1986లో తయారుచేసింది. ఒక కేబుల్ మీద 512 గడులు, ఒక్కో గడిలో 0 నుంచి 255 దాకా ఒక అంకె. ఏడో గడిలో 200 అంటే ఏడో నంబరుకు కట్టిన లైటు అంత వెలగాలని. గడులన్నీ నింపి పంపితే సెకనుకు సుమారు 44 సార్లు కబురు వెళ్తుంది, అంటే ఒక్కో విడతకు 23 మిల్లీసెకన్లు. దాదాపు నలభై ఏళ్ళయినా పెళ్ళి పందిరి లైట్ల నుంచి పెద్ద కచేరీల దాకా ఇదే భాష నడుస్తోంది. ల్యాప్‌టాప్‌కు తగిలించే ఒక చిన్న కన్వర్టర్, క్యూఎల్‌సీ ప్లస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

చివరి లంకె దీపమే. ఎల్‌ఈడీ కబురు అందిన వెంటనే మారుతుంది. హాలోజన్‌లో తీగ వేడెక్కాలి, చల్లారాలి, దానికి సెకనులో కొన్ని పదో వంతులు పోతాయి. తల తిప్పే మూవింగ్ హెడ్ లైటు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగాలంటే ఇంకా ఎక్కువే.

అన్నీ కలిపితే మంచి ఏర్పాటులో కూడా 100 నుంచి 150 మిల్లీసెకన్లు అయిపోతాయి. విసురుగా లేచే చెయ్యి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే, 150 మిల్లీసెకన్లలో అది 30 సెంటీమీటర్లు దాటిపోయి ఉంటుంది. చేతి అంచు వెంబడి గీత గీయాలనుకున్నవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. వేదిక రంగు నెమ్మదిగా మార్చాలనుకునేవాళ్ళకు ఇది లెక్కలోకే రాదు. మామూలు వెబ్‌క్యామ్ చీకట్లో ఇంకో పని చేస్తుంది. వెలుగు చాలక ఒక్కో చిత్రానికి ఎక్కువసేపు తీసుకుని, సెకనుకు 30 తీసేది 15కో అంతకన్నా తక్కువకో పడిపోతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చక్కగా నడిచింది వేదిక మీదికి రాగానే వెనకబడటానికి కారణం చాలాసార్లు ఇదే.

ఆలస్యం అస్సలు లేని ఏర్పాటు కూడా మన దగ్గరే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు ఉన్నాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. (2022 నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, కళ మాత్రం అనంతపురం పేరుతోనే లోకానికి తెలుసు.) ఆ తెర వెనక దీపం కదలదు, బొమ్మ కదులుతుంది. మేకతోలు బొమ్మను తెరకు ఆనిస్తే నగల చిల్లులతో సహా గీత గీసినట్టు కనిపిస్తుంది. దీపం వైపు వెనక్కి లాగితే ఆకారం పెరుగుతుంది, అంచులు చెదురుతాయి. ఆడించేవాడి మణికట్టు కదలడానికి, వెలుగు మారడానికి మధ్య కాలమే లేదు. ఇంకో సంగతి, అతను తాను పుట్టించే వెలుగునీడలను తెర వెనక నుంచి చూస్తూనే ఆడిస్తాడు. వేదిక మీద నర్తకికి ఆ వీలు లేదు. లైటు తన మీద పడుతుంది, ఆ బొమ్మ ఎలా ఉందో ప్రేక్షకుడికే తెలుస్తుంది. రిహార్సల్ వీడియోలు కూర్చోబెట్టి చూపించకపోతే తన చెయ్యి వెలుగును ఏం చేస్తోందో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

వణుకు, నిలకడ

సెన్సర్ ఇచ్చే అంకెలు నిలకడగా ఉండవు. మనిషి కదలకుండా నిలబడినా మణికట్టు బిందువు అటూ ఇటూ వణుకుతూ ఉంటుంది. దాన్ని అలాగే లైటుకు పంపితే లైటూ వణుకుతుంది. గత కొన్ని అంకెల సగటు తీసి పంపితే వణుకు పోతుంది, కానీ సగటు అంటేనే గతం కాబట్టి ఆలస్యం పెరుగుతుంది. రెండింటిలో ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు ఎక్కువ సగటు, విసురుగా ఉన్నప్పుడు తక్కువ సగటు తీసుకునే ఫిల్టర్లు ఉన్నాయి. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆలస్యం తెలియదు, వేగంలో వణుకు తెలియదు కాబట్టి అవి బాగానే పనిచేస్తాయి.

"చెయ్యి భుజం దాటితే వెలుగు" అని ఒకే హద్దు పెడితే, చెయ్యి సరిగ్గా భుజం ఎత్తులో ఆగినప్పుడు లైటు టపటపా కొట్టుకుంటుంది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకులో ఆటోమేటిక్ స్విచ్ ఉంటుంది చూడండి. నీళ్ళు అడుక్కి వెళ్ళాకే మోటారు వేస్తుంది, నిండాకే ఆపుతుంది. రెండు హద్దులు వేర్వేరు కాబట్టే మోటారు కాలిపోకుండా ఉంది. లైటుకూ అంతే. వెలగడానికి చెయ్యి తల దాకా రావాలి, ఆరడానికి నడుము దాకా దిగాలి.

విననట్టు ఉండటం

ఇక అసలు ప్రశ్న. పెట్రోమాక్స్ లైట్లు రాకముందు వీధి నాటకాలకు దివిటీలే వెలుగు. దివిటీ పట్టుకున్న మనిషి నటుడి ముందు నిలిచి, అతనితో పాటు జరిగేవాడు. రౌద్ర పాత్ర ప్రవేశించే వేళకు దివిటీ మీద గుగ్గిలం చల్లితే భగ్గున మంట లేచేది. అతనికి కథ తెలుసు. నటుడు కిరీటం సర్దుకున్నప్పుడు గుగ్గిలం చల్లడు. మన కంప్యూటర్‌కు లేనిది, మనం నేర్పాల్సింది అదే.

అన్ని కదలికలకూ అర్థం పెట్టకండి. ఒక ఘట్టానికి ఒక్క సంబంధం చాలు. వేగానికి వెలుగు, లేదా ఎత్తుకు రంగు, లేదా స్థానానికి ఏ లైటన్నది. మూడూ ఒకేసారి పెడితే ప్రేక్షకుడికి ఏదీ అందదు, రంగులు వాటంతట అవే మారుతున్నాయనుకుంటాడు. ఒకే సంబంధం రెండు నిమిషాలు నిలిస్తే, "ఆమె చేతే వెలుగును లాగుతోంది" అని చిన్నపిల్లలు కూడా పసిగడతారు.

బృందాలకు వేరే లెక్క. మన చెక్కభజననే తీసుకోండి. పది పదిహేను మంది గజ్జెలు కట్టుకుని, చేతిలో చెక్కలు మోగిస్తూ వలయంగా తిరుగుతారు. ఎదురు కెమెరాకు ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళను కమ్మేస్తారు. ఎవరి మోచెయ్యి ఎవరిదో సాఫ్ట్‌వేర్ కలగాపులగం చేస్తుంది. ఇక్కడ ఒక్కొక్కరిని వెతకడం మానేయాలి. కెమెరాను పైన వేలాడదీసి, వలయం మొత్తంలో ఎంత కదలిక ఉంది, వలయం ఎంత పెద్దదైంది అన్న రెండు అంకెలు తీసుకుంటే చాలు. అడుగు జోరందుకునే కొద్దీ వెలుగు జోరందుకుంటుంది, వలయం దగ్గరపడితే వెలుగూ దగ్గరపడుతుంది. చెక్కభజన అందం ఒక్కరిలో లేదు, అందరి అడుగూ ఒక్కటవ్వడంలో ఉంది. కాబట్టి కొలవాల్సిందీ అదే.

పద్య నాటకానికి మాత్రం ఇది పనికిరాదని గట్టిగా చెబుతాను. రాయలసీమలో పౌరాణిక పద్య నాటకం అంటే ఇప్పటికీ జనం రాత్రంతా కూర్చుంటారు. పద్యం చివర రాగం తీసేటప్పుడు నటుడు కదలడు. పాదాలు నిలదొక్కుకుని, చెయ్యి ఒక్కటి చాచి నిలబడతాడు. భావం శిఖరానికి చేరిన ఆ క్షణంలో కదలిక సున్నా. కదలికకు వెలుగు ముడిపెడితే హరిశ్చంద్రుడు కాటిసీనులో రాగం ఎత్తుకోగానే చీకట్లో కలిసిపోతాడు. రాగాలాపన కన్నా నటనకే పెద్దపీట వేసిన బళ్లారి రాఘవ (1880లో మన తాడిపత్రిలోనే పుట్టారు) తరహా నాటకంలో కూడా ఒక చూపు, ఒక నిట్టూర్పు చేసే పనిని ఈ 33 బిందువులు పట్టలేవు. అక్కడ లైటు ముందు కూర్చోవాల్సింది మనిషే.

కొన్నింటిని ఏ నాటకంలోనూ కదలికకు అప్పగించకూడదు. వేదిక మొత్తం చీకటి చేయడం, మెట్లు దిగేచోట వెలుగు, మనిషి పైనుంచి దిగే ఘట్టాలు ఆపరేటర్ చేతిలోనే ఉండాలి. సెకనుకు మూడు నుంచి ముప్పై సార్లు కొట్టుకునే వెలుగు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం. సెన్సర్ తడబడితే అలాంటి వెలుగు దానంతట అదే పుట్టొచ్చు. అందుకని లైటు ఎంత వేగంగా మారొచ్చన్నదానికి ప్రోగ్రామ్‌లోనే కళ్ళెం వేయాలి. కరెంటు పోయి వస్తే లైట్లు ఏ స్థితిలో మేలుకుంటాయో కూడా ముందే పరీక్షించుకోవాలి.

ఎర్ర లైటు ఉదంతం తర్వాత మేం కెమెరా మార్చలేదు. బోర్డు మీద ఒక స్లైడర్ అదనంగా పెట్టాం. అది కింద ఉన్నంతసేపు కంప్యూటర్ ఏం చూసినా లైటుకు చేరదు. పైకి జరిపితేనే ఆ అమ్మాయి చెయ్యి మాట చెల్లుతుంది. ఆ స్లైడర్ దగ్గర లైటింగ్ తెలిసినవాణ్ణి కాకుండా, అదే నృత్యం నేర్చుకుని కాలు బెణికి వేదిక ఎక్కలేకపోయిన ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాం. ప్రతి అడుగూ ఆమెకు తెలుసు. నర్తకికి వరసగా నాలుగు సాయంత్రాలు ఊరికే చెయ్యి ఎత్తి దించుతూ లైటుతో ఆడుకోమని వదిలేశాం. మొదటి రోజు విసురుగా ఎత్తి, లైటు వెనకబడిందని విసుక్కుంది. మూడో రోజుకు తనే వేగం తగ్గించింది.

ప్రదర్శన రాత్రి, ఘట్టానికి ముందు ఆమె మళ్ళీ నుదురు తుడుచుకుంది. వేదిక నీలంగానే ఉంది. తర్వాత మృదంగం అందుకుంది, స్లైడర్ పైకి జరిగింది, చెయ్యి లేచింది. ఎరుపు నిండాక ఆమె ఆ చెయ్యి దించడానికి చాలాసేపు తీసుకుంది, రిహార్సల్‌లో ఎప్పుడూ అంతసేపు తీసుకోలేదు. వెలుగు ఆమె వేళ్ళతో పాటే కిందికి దిగింది.